ఎడమ మలుపుల్లోనే ఎందుకు? ఒక ఈఎస్‌సీ కేసు

నేపథ్యం

విశాఖపట్నంలో కార్ల ఎలక్ట్రికల్, స్కానింగ్ పని చేసే షెడ్డు నాది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్, ఈఎస్‌సీ (మలుపుల్లో బండి జారకుండా కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లైట్ల కేసులు వారానికి నాలుగైదు వస్తాయి. చాలావాటికి కారణం, బండి కంప్యూటర్ నమోదు చేసుకున్న తప్పు కోడ్ చదవగానే తెలిసిపోతుంది. ఈ కేసులో ఒక్క కోడ్ కూడా లేదు. అసలు తప్పు చాలా చిన్నది. అయినా దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, మధ్యలో ఒకసారి నేనే తప్పుదారి పట్టాను. ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ఆ దారి తప్పిన భాగమే ఎక్కువ పనికొస్తుందని రాస్తున్నాను. యజమాని ఒప్పుకున్నారు. కారు కంపెనీ, మోడల్, మనుషుల వివరాలు కావాలనే వదిలేశాను.

ఈఎస్‌సీ ఎలా పని చేస్తుందో ముందు రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. 1995లో బాష్, మెర్సిడెస్ కలిసి దీన్ని మార్కెట్‌లోకి తెచ్చినప్పటి నుంచి మూలసూత్రం మారలేదు. కంప్యూటర్ దగ్గర నాలుగు రకాల సాక్షులు ఉంటాయి. నాలుగు చక్రాల దగ్గరి స్పీడ్ సెన్సర్లు ఒక సాక్షి. డ్రైవర్ ఎంత తిప్పాడో చెప్పే స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ రెండోది. బండి తన చుట్టూ తాను సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందో చెప్పే యా రేట్ సెన్సర్ మూడోది. బండిని పక్కకు నెడుతున్న బలాన్ని కొలిచే లాటరల్ సెన్సర్ నాలుగోది. చివరి రెండూ చాలా కార్లలో ఒకే డబ్బాలో ఉంటాయి. డ్రైవర్ అడిగిన మలుపు ఒకటి, బండి తిరుగుతున్న మలుపు మరొకటి అయితే, కంప్యూటర్ ఇంజన్ పవర్ తగ్గించి ఏదో ఒక చక్రానికి బ్రేకు వేస్తుంది. వెనక భాగం జారిపోతుంటే మలుపుకు బయటి వైపు ముందు చక్రానికి వేస్తుంది. ముందు భాగం తిరగకుండా నేరుగా పోతుంటే లోపలి వైపు వెనక చక్రానికి వేస్తుంది. ఈ రెండో సంగతి గుర్తుంచుకోండి, కేసు తిరిగింది దాని మీదే.

వచ్చిన ఇబ్బంది

మూడేళ్ల వయసున్న చిన్న ఎస్‌యూవీ. వెనక డ్రమ్ బ్రేకులు. యజమాని ఆఫీసు ఉద్యోగి, సిటీలో రోజూ తానే నడుపుతారు. ఆయన చెప్పింది ఇది: "ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే ఎడమ మలుపుల్లో ఆ జారే కారు బొమ్మ లైటు టపటపా కొట్టుకుంటుంది సార్. ఎక్కడినుంచో గర్రుమని చప్పుడు వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినా పికప్ ఉండదు. ఎవరో బండిని లోపలికి లాగినట్టు ఉంటుంది. మలుపు అయిపోగానే అంతా మామూలే."

రోడ్డు పొడిగా ఉంది, వేగం నలభై, నలభై అయిదు. నిజంగా జారేంత పరిస్థితి కాదు. ఘాట్‌లో ఎదురుగా లారీ వస్తున్నప్పుడు బండి తనంతట తాను పక్కకు లాగితే ఎంత టెన్షన్ పడతారో వేరే చెప్పక్కర్లేదు. అప్పటికి ఇలా జరిగిన నాలుగు సార్లలో రెండుసార్లు పిల్లలు కూడా బండిలో ఉన్నారట.

నా దగ్గరికి రాకముందు ఇంకో షెడ్డులో చూపించారు. అక్కడ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేశారు. తగ్గలేదు. ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ మార్చారు. అప్పుడూ తగ్గలేదు. చివరికి ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలన్నారు, ఈఎస్‌సీ లెక్కలు చేసే కంప్యూటర్ ఉండేది అందులోనే. ఆ ఖర్చు విని ఆయన నా దగ్గరికి వచ్చారు. ఎడమ వైపు సెన్సరే ఎందుకు మార్చారని ఆయన్ను అడిగితే, "ఎడమ మలుపుల్లో కదా వస్తుంది అన్నారు" అని జవాబు. ఎడమ మలుపుకీ ఎడమ సెన్సర్‌కీ అలా ముడి పెట్టడానికి ఆధారమేమీ లేదు. స్పీడ్ సెన్సర్ చెడితే ముందు ఏబీఎస్ లైటు వెలుగుతుంది, కోడ్ పడుతుంది.

మొదటి పరీక్షలు

స్కానర్ పెట్టాను. అన్ని మాడ్యూళ్లలోనూ కోడ్లు సున్నా. కోడ్ లేకపోవడమే నాకు దొరికిన మొదటి ఆనవాలు. సెన్సర్ చచ్చిపోలేదు, వైరు తెగలేదు. అన్ని సాక్షులూ మాట్లాడుతున్నాయి, కానీ వాటిలో ఒకటి అప్పుడప్పుడు అబద్ధం చెబుతోంది. అది కూడా కోడ్ పడేంత సేపు కాదు. కంప్యూటర్ లెక్కలో తప్పు లేదు, దానికి అందే అంకెల్లోనే తప్పుంది. యూనిట్ మార్చడం గురించి నేను ఆలోచించకపోవడానికి ఇదే కారణం. లెక్క చేసేది మారినా, అందే అంకె మారదు.

టైర్లు చూశాను. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే సైజు, గాలి సరిగ్గా ఉంది. అరుగుదలలో తేడా ఉంటే చక్రాల చుట్టుకొలతలు మారి కంప్యూటర్‌కు బండి ఎప్పుడూ కొంచెం తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. అందుకని నేల మీద సుద్దతో గీత పెట్టి, చక్రం ఒక పూర్తి చుట్టు తిరిగే దూరం కొలిచాను. కుడికీ ఎడమకీ తేడా లేదు. హబ్ బేరింగుల్లో ఆట లేదు. స్పీడ్ సెన్సర్లు నాలుగూ తిన్నటి రోడ్డు మీద ఒకే అంకె చూపిస్తున్నాయి.

మర్నాడు తెల్లవారుజామున సింహాచలం ఘాట్ మీదికి తీసుకెళ్లాను. నేను నడిపాను, మా కుర్రాడు వెనక సీట్లో కూర్చుని ట్యాబ్‌లో లైవ్ డేటా రికార్డు చేశాడు. రెండుసార్లు ఎక్కాం, దిగాం. లైటు ఒక్కసారి కూడా వెలగలేదు.

నేను తప్పుదారి పట్టిన చోటు

ఆ రికార్డింగులో ఒకటి దొరికింది. తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ యాంగిల్ సున్నా చూపించాలి, ఇది ఎడమ వైపు 6 డిగ్రీలు చూపించింది. చేతుల్లో స్టీరింగ్ కూడా కొంచెం వంకరగానే ఉంది. ముందు షెడ్డులో అలైన్‌మెంట్ చేసినప్పుడు స్టీరింగ్‌ను మధ్యలో నిలపకుండానే టై రాడ్లు (స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే కడ్డీలు) బిగించేశారు.

నా లెక్క ఇలా సాగింది. స్టీరింగ్ చక్రం 16 డిగ్రీలు తిరిగితే రోడ్డు మీది చక్రం సుమారు ఒక డిగ్రీ తిరుగుతుంది. 6 డిగ్రీల తప్పు అంటే రోడ్డు చక్రం దగ్గర డిగ్రీలో మూడో వంతు పైన. నలభై అయిదు వేగంలో, రెండు మీటర్ల అరవై వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఉన్న బండికి అది సెకనుకు దాదాపు రెండు డిగ్రీల తప్పుడు తిరుగుడు అవుతుంది. డ్రైవర్ ఎడమకు ఎక్కువ అడుగుతున్నాడు, బండి అంత తిరగడం లేదు అని కంప్యూటర్ అనుకోవచ్చు. ఎడమ మలుపుల్లోనే ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే అనిపించింది.

స్టీరింగ్ తిన్నగా వచ్చేలా మళ్లీ అలైన్‌మెంట్ చేయించి, సమతలం మీద స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను జీరో క్యాలిబ్రేషన్ చేసి, అంటే దాని సున్నా ఎక్కడో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పి, బండి ఇచ్చేశాను. వారం రోజులు ఆయన ఆఫీసుకు తిరిగారు. ఫోన్ చేస్తే "సూపర్‌గా ఉంది సార్" అన్నారు. నేను కేసు మూసేశాను.

ఇక్కడ నేను రెండు తప్పులు చేశాను. ఒకటి, సమస్యను నేను ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. చూడని సమస్యను పోగొట్టానని ఎలా చెప్పగలను? వారం రోజులు రాకపోవడం రుజువు కాదు, ఎందుకంటే నా చేతిలోనూ అది రాలేదు, అప్పటికి నేను ఏమీ ముట్టుకోలేదు కూడా. రెండోది ఇంకా ముఖ్యం. స్టీరింగ్ సున్నా తప్పితే దాని ప్రభావం రెండు వైపులా ఉండాలి. ఎడమ మలుపులో డ్రైవర్ ఎక్కువ అడిగినట్టు, కుడి మలుపులో తక్కువ అడిగినట్టు కనిపించాలి. కుడి మలుపుల్లో ఏమీ లేదని యజమాని మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. పైగా ఈ తరం యూనిట్లు తిన్నటి రోడ్డు మీద ఆ చిన్న తేడాను వాటంతట అవే నేర్చుకుని సరిచేసుకుంటాయి. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసి కూడా, చేతికి ఒక తప్పు దొరకగానే అదే కారణమని నమ్మేశాను. దొరికిన తప్పు నిజమైనదే, కానీ మనం వెతుకుతున్నది అది కాదు.

తిరిగొచ్చిన బండి

ఆదివారం కుటుంబంతో అరకు వెళ్లారు. ఎడమ మలుపుల్లో మళ్లీ మొదలైంది, ఈసారి మూడు నాలుగు చోట్ల. అనంతగిరి దగ్గర ఆగి, వెంట ఉన్న బావమరిది ఎవరికో ఫోన్ చేసి అడిగి ఏబీఎస్ ఫ్యూజు పీకేశారట. సోమవారం పొద్దున షెడ్డుకు వచ్చేసరికి డ్యాష్‌బోర్డు మీద మూడు లైట్లు వెలుగుతున్నాయి.

ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆ ఫ్యూజు తీస్తే ఈఎస్‌సీ ఒక్కటే పోదు. ఏబీఎస్ పోతుంది, ముందు వెనక చక్రాలకు బ్రేకు పంచే ఈబీడీ కూడా పోతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందు పట్టేసి బండి అడ్డంగా తిరగొచ్చు. ఘాట్ దిగేటప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ ఏబీఎస్ తప్పనిసరి చేసింది ఊరికే కాదు. నేను ముందుగా ఫ్యూజు పెట్టాను, తర్వాతే మాట్లాడాను. "లైటు మళ్లీ వెలిగితే వేగం తగ్గించి పక్కన ఆపండి, ఫ్యూజు మాత్రం ముట్టుకోవద్దు" అని ఆయనతో గట్టిగానే అన్నాను.

ఆ రోజు ఆయన భార్య కూడా వచ్చారు. బయట కుర్చీలో కూర్చుని అంతా విన్నారు. కాసేపటికి, "నేను ముందు సీట్లో కూర్చుంటేనే వస్తుందండీ ఇది. ఆయన ఒక్కరూ వెళ్తే రాదు. ఇంట్లో చెప్తే అందరూ నవ్వుతున్నారు, బండికి నువ్వంటే పడదు అని" అన్నారు.

నేను నవ్వలేదు. రెండు వారాల్లో ఈ కేసులో నాకు దొరికిన నికార్సయిన సమాచారం అదే. సింహాచలం ఎక్కినప్పుడు మా ముందు సీటు ఖాళీ. ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆయన ముందు సీటు ఖాళీ. నా క్యాలిబ్రేషన్ "పని చేసిన" వారం మొత్తం ఆ సీటు ఖాళీయే.

బరువా, మనిషా

మొదట బరువు గురించి ఆలోచించాను. ఎడమ వైపు ఒక మనిషి బరువు పడితే బండి కొంచెం ఒరుగుతుంది, లాటరల్ సెన్సర్ అంకె కొంచెం మారుతుంది. కానీ ఒరుగుడు అన్ని మలుపుల్లోనూ ఒకేలా ఉంటుంది, ఎడమ మలుపుల్లోనే ఉండదు. అయినా ఈసారి నమ్మకం మీద వదలదలుచుకోలేదు. ముందు సీట్లో 50 కిలోల సిమెంటు బస్తా పెట్టి బెల్టు వేశాను. మర్నాడు తెల్లవారకముందే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, అదే ఘాట్, అదే వేగం. కుర్రాడు మళ్లీ వెనక సీట్లో. ఏమీ రాలేదు.

బస్తా తీసి డిక్కీలో పడేసి కుర్రాణ్ణి ముందు కూర్చోమన్నాను. రెండో ఎడమ మలుపులో లైటు కొట్టుకుంది. గర్రుమంది. పికప్ పోయింది. బండి లోపలికి లాగింది. అంతా సెకనులోపే, కానీ నా చేతులకు స్పష్టంగా తెలిసింది. "అన్నా, వచ్చింది!" అని వాడు అరిచాడు.

పైన ఆగి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో వెనక డ్రమ్ములు కొలిచాను. కుడిది గోరువెచ్చగా ఉంది, ఎడమది దానికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడి. ఎడమ మలుపులో లోపలి వెనక చక్రమంటే ఎడమదే. అంటే కంప్యూటర్ "ముందు భాగం తిరగడం లేదు, బండి నేరుగా పోతోంది" అని నమ్మి లోపలి వెనక చక్రానికి బ్రేకు వేస్తోంది. స్కానర్ చెప్పని ముక్కను డ్రమ్ము చెప్పింది. అబద్ధం ఏ వైపు ఉందో తేలింది. ఇక ఎవరు చెబుతున్నారన్నదే మిగిలింది.

ముగ్గు గీత మీద నాలుగు సాక్షుల విచారణ

ఊరి బయట ఖాళీ లేఅవుట్‌లో మేకు పాతి, 15 మీటర్ల తాడు కట్టి, ముగ్గుపిండితో వలయం గీశాం. బండి నడిమధ్య ఆ గీత ఉండేలా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎడమకు మూడు చుట్లు, కుడికి మూడు చుట్లు.

వలయం ఎంచుకోవడానికి కారణం, అందులో ఏ సెన్సర్ ఎంత చెప్పాలో కాగితం మీద ముందే తేలిపోతుంది. సెకనుకు 5.6 మీటర్ల వేగం, 15 మీటర్ల వ్యాసార్ధం. బండి సెకనుకు 21 డిగ్రీలు తిరగాలి. పక్క బలం 2.1 (స్కానర్ చూపేది మీటర్/సెకను² లెక్కలో) ఉండాలి, బాడీ ఒరుగుడు వల్ల ఇంకో 0.1 ఎక్కువ చూపినా తప్పు లేదు. స్టీరింగ్ 160 డిగ్రీల దగ్గర ఉండాలి. వెనక లోపలి చక్రం 19, బయటి చక్రం 21 చూపాలి. ఇవి ఒకదానికొకటి సంబంధం లేకుండా కొలిచే అంకెలు. ముగ్గురు ఒకటి చెప్పి నాలుగోవాడు వేరేది చెబితే ఆ నాలుగోవాడి దగ్గరికే వెళ్లాలి.

కుర్రాడు వెనక కూర్చున్నప్పుడు రెండు వైపులా నాలుగూ కుదిరాయి. పక్క బలం ఎటు తిరిగినా 2.2. వాడు ముందు కూర్చున్నాక కుడి వలయంలో అదే 2.2. ఎడమ వలయంలో 2.9. యా రేట్ 21 దగ్గరే ఉంది. స్టీరింగ్, చక్రాలు కదల్లేదు. లాటరల్ సెన్సర్ ఒక్కటే 0.7 ఎక్కువ చెబుతోంది.

ఘాట్‌లో అది ఎంత చేటు చేస్తుందో లెక్క వేసుకున్నాను. నలభై అయిదు వేగంలో 60 మీటర్ల వ్యాసార్ధం మలుపులో బండి సెకనుకు 12 డిగ్రీలు తిరుగుతుంది, పక్క బలం 2.6. దానికి 0.7 కలిస్తే, ఆ బలానికి తగ్గ తిరుగుడు 15 డిగ్రీలు. యా రేట్ 12 అంటోంది. బండి పోతున్న దారి వంపు తిరిగినంత వేగంగా బండి ముక్కు తిరగడం లేదని ఆ తేడాకు అర్థం. కంప్యూటర్ చేసింది సరైన పనే.

కానీ యా రేట్, లాటరల్ రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఒకటి బాగుండి ఒకటి ఎందుకు తప్పుతుంది? ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాను. డబ్బా కాస్త పక్కకు వాలితే తిరుగుడు కొలతలో వచ్చే మార్పు దాదాపు ఏమీ ఉండదు. కానీ లాటరల్ సెన్సర్ మీద భూమి ఆకర్షణలో కొంత భాగం వచ్చి పడుతుంది. 0.7 రావాలంటే నాలుగు డిగ్రీలు వాలితే చాలు. సెన్సర్ చెడలేదు, కదులుతోంది. దాన్ని కదిలిస్తున్నది ముందు సీట్లో కూర్చున్న మనిషి, అదీ ఎడమ మలుపుల్లో మాత్రమే.

ఎడమ మలుపులో మనుషులు కుడికి ఒరుగుతారు. ముందు సీట్లోని మనిషి కుడి మోకాలు ఎక్కడ ఆనుతుంది? మధ్య కన్సోల్‌కి. కుడి మలుపులో తలుపుకు ఆనుతారు, కన్సోల్ జోలికి రారు. సిమెంటు బస్తాకు మోకాలు లేదు.

బండిని షెడ్డులో సమతలం మీద నిలిపి ఇంజన్ ఆపి, స్విచ్ ఆన్ చేసి లైవ్ డేటా పెట్టాను. లాటరల్ 0.0. కుర్రాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి మోకాలితో కన్సోల్‌ను పక్కకు నొక్కమన్నాను. నిలబడి ఉన్న బండిలో అంకె 0.3 అయింది, 0.5 అయింది, 0.7 దగ్గర ఆగింది. మోకాలు తీశాడు, మెల్లగా సున్నాకు వచ్చింది. మళ్లీ నొక్కించాను. మళ్లీ అదే. యజమాని దంపతులు పక్కనే నిలబడి చూశారు. ఆవిడ ముఖంలో ఆ రోజు కనిపించిన తేలికదనం నాకు బాగా గుర్తు.

కన్సోల్ కింద

బ్యాటరీ తీసి పక్కన పెట్టాకే కన్సోల్ విప్పాం. ఎయిర్‌బ్యాగ్ యూనిట్ కూడా అక్కడే ఉంటుంది కాబట్టి ఈ క్రమం తప్పకూడదు. హ్యాండ్ బ్రేకు ముందు, అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత నల్లటి డబ్బా. మీద ముందు వైపు చూపించే బాణం గుర్తు. చిన్న ఇనుప బ్రాకెట్, దానికి రెండు బోల్టులు.

కుడి బోల్టు బిగువుగానే ఉంది. ఎడమ బోల్టు సగం దాకా ఎక్కి, అడ్డమర పడి (మరలు వంకరగా పట్టుకుని) ఆగిపోయింది. తల కిందికీ బ్రాకెట్‌కీ మధ్య గోరు దూరేంత సందు. ఆ సందులో, బ్రాకెట్ కింద, గోధుమరంగు రెగ్జిను ముక్క, దాని కింద మందపాటి స్పాంజి. కారు నేల మొత్తం కప్పేలా బయట షాపులో వేయించే 7డీ మ్యాట్ అంచు అది. కన్సోల్ గోడ లోపల నుంచి మడత పెట్టి బ్రాకెట్ కిందికి తోసేశారు. మోకాలు కన్సోల్‌ను నొక్కితే గోడ మ్యాట్‌ను నెడుతుంది, స్పాంజి బ్రాకెట్‌ను ఎడమ చివర పైకి లేపుతుంది. వేలితో నొక్కి చూస్తే డబ్బా మెత్తగా ఊగింది.

"మ్యాట్ ఎప్పుడు వేయించారు?" అని అడిగాను. దసరాకు. లైటు సమస్య మొదటిసారి వచ్చింది ఆ తర్వాతి అరకు ప్రయాణంలో. మొదటి రోజే నేను ఆ ప్రశ్న అడిగి ఉంటే ఈ రెండు వారాలు ఉండేవి కావు.

బాగు చేసిన విధానం

మ్యాట్‌ను బ్రాకెట్ చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున కోసి తీసేశాం, కన్సోల్ గోడకు కూడా తగలకుండా. పాడైన మరకు ట్యాప్ కొట్టి సరిచేసి, రెండు బోల్టులూ కొత్తవి వేసి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌తో బిగించాం. స్పాంజిలోని తేమ ఏమైనా చేరిందేమోనని కనెక్టరు పిన్నులు చూశాను, శుభ్రంగా ఉన్నాయి. సెన్సర్ మార్చలేదు. మార్చాల్సిన అవసరం లేదని ముగ్గు వలయం ముందే చెప్పింది.

తర్వాత సమతలం మీద, టైర్లలో గాలి సరిచూసి, బండిలో ఎవరూ లేకుండా స్టీరింగ్, యా, లాటరల్ మూడింటికీ జీరో క్యాలిబ్రేషన్. ఇది బిగింపు అయ్యాకే చేయాలి. వదులుగా ఉన్న సెన్సర్‌కు జీరో చేస్తే ఆ క్షణంలో అది వాలి ఉన్న కోణమే సున్నా అయి కూర్చుంటుంది.

ఈసారి పరీక్షలు కూడా సమస్య వచ్చిన తీరులోనే చేశాను. షెడ్డులో మోకాలి పరీక్ష, అంకె 0.0 నుంచి కదల్లేదు. వలయం మీద కుర్రాడు ముందు కూర్చుని కావాలని కన్సోల్‌ను తన్ని పట్టాడు, ఎడమకు 2.2, కుడికి 2.2. సింహాచలం మూడుసార్లు. దిగాక వెనక డ్రమ్ములు రెండూ రెండు డిగ్రీల తేడాలో ఉన్నాయి. చివరగా తడి ఇసుక ఉన్న నేల మీద తక్కువ వేగంలో బండిని కావాలని జారనిచ్చి, అవసరమైనప్పుడు ఈఎస్‌సీ పని చేస్తోందా లేదా అని కూడా చూశాను. అనవసరంగా కలగజేసుకోవడం ఆగితే చాలదు, అవసరానికి కలగజేసుకోవాలి కదా. చేసింది.

సంక్రాంతికి వాళ్లు మళ్లీ అరకు వెళ్లొచ్చారు. ఆవిడ ముందు సీట్లోనే కూర్చున్నారు. ఇప్పటికి ఎనిమిది నెలలు, లైటు మళ్లీ కనిపించలేదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

కొత్త బండి రాగానే నింపే కాగితంలో మూడు ప్రశ్నలు చేర్చాను. సమస్య మొదలయ్యే ముందు ఆరు నెలల్లో బండికి ఏ పని జరిగింది, సీట్ కవర్లు, మ్యాట్లు, మ్యూజిక్ సిస్టమ్ సహా. ఎవరు ఎక్కడ కూర్చున్నప్పుడు వస్తుంది. రోజూ ఆ బండిలో కూర్చునే మిగతావాళ్లు ఏమంటున్నారు. మూడో ప్రశ్నకు జవాబు యజమాని దగ్గర కాకుండా వాళ్లనే అడుగుతున్నాను.

సమస్య నా కళ్ల ముందు ఒక్కసారైనా రాకుండా ఈఎస్‌సీ కేసును ఇక మూసేయను. రాకపోతే "ఇంకా దొరకలేదు" అని రాసి ఇస్తాను. కస్టమర్‌కు అది నచ్చకపోవచ్చు, కానీ నేను వారం రోజులు చెప్పిన ధైర్యం వల్లే ఆ కుటుంబం మళ్లీ ఘాట్ ఎక్కింది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కొత్త కార్లలో ఈ సెన్సర్ చాలావరకు ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లోనో, ఈఎస్‌సీ యూనిట్‌లోనో కలిసిపోయి ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో ఉంటే చోటు మాత్రం మళ్లీ అదే, కన్సోల్ కింద. అందుకే ఆ మ్యాట్ వేసిన షాపుకు నేనే వెళ్లాను. గొడవ పెట్టుకోవడానికి కాదు. విప్పిన బోల్టు, కోసిన స్పాంజి ముక్క, నా ఫోన్‌లో తీసిన ఫొటోలు చూపించాను. పని చేసే కుర్రాళ్లు ఇద్దరూ ఇరవై ఏళ్ల లోపు వాళ్లే. ఒకడు ఆ బాణం గుర్తు మీద వేలు పెట్టి, "రోజూ చూస్తాం సార్ ఈ డబ్బాని. ఇదేంటో మాకెవరూ చెప్పలేదు" అన్నాడు. అక్కడే ఒక కారు కన్సోల్ విప్పి ఉంది. బ్రాకెట్ ఎక్కడుందో, మ్యాట్ ఎంత దూరంలో ఆపాలో చూపించి, బోల్టు ముందు చేత్తో ఎక్కించి తర్వాతే స్పానర్ పెట్టాలని చెప్పి వాళ్ల చేతే చేయించాను. ఆ ఫొటో ప్రింటు తీసి గోడకు అంటించుకున్నారు. అప్పటి నుంచి కన్సోల్ కింద తెలియని డబ్బా కనిపిస్తే ఫొటో తీసి నాకు పంపుతున్నారు, నేను చూసి చెప్పాకే మ్యాట్ కోస్తున్నారు.